అత్తగారి డబ్బా టీవీ

కిందటిసారి మిక్సీ జార్ల వాషర్ల గురించి రాశాను కదా, దానికి వచ్చిన ఉత్తరాల్లో చందానగర్ నుంచి ఒకావిడ ఇలా అడిగారు: “మిక్సీ సంగతి సరేనండీ, మా ఇంట్లో పాత డబ్బా టీవీ ఒకటుంది. మామగారు దాన్ని వదలరు. మావారేమో పారేద్దామంటారు. అది ఇంకా ఎన్నాళ్లు పనిచేస్తుందంటారు?”

ఎన్నాళ్లని చెప్పను? నేను ఇంటర్మీడియెట్ దాకా చదివిన మనిషిని, అదీ ఆర్ట్స్ గ్రూపు. ఫ్యూజు వేయడం తప్ప కరెంటు పని ఏదీ చేతకాదు. కానీ డబ్బా టీవీతో పాతికేళ్లు కాపురం చేశాను కాబట్టి, దాని చివరి రెండేళ్లలో మా ఇంట్లో ఏం జరిగిందో మాత్రం చెప్పగలను. మేం చేసిన పొరపాటు మీరు చేయకుండా ఉంటే చాలు.

ఆ టీవీ 2000వ సంవత్సరంలో నా పెళ్లికి మా నాన్నగారు కొనిచ్చింది. 21 అంగుళాల కలర్ టీవీ. కంపెనీ పేరు ఎందుకులెండి, అప్పట్లో అందరిళ్లలో ఉన్నదే. కొండాపూర్‌లో మా అత్తగారింటికి అది ఆటో ట్రాలీలో వచ్చిన రోజు నాకింకా గుర్తుంది. అప్పటికి సైబర్ టవర్స్ కట్టి రెండేళ్లు కాలేదు. 1998 నవంబరులో వాజ్‌పేయిగారు వచ్చి ప్రారంభించారు కదా. మా డాబా ఎక్కితే ఆ గుండ్రటి భవనం ఒక్కటే మెరుస్తూ కనిపించేది. చుట్టూ బండరాళ్లు, సీతాఫలం చెట్లు, సాయంత్రమైతే మేకల మందలు. కరెంటు కూడా అలాగే ఉండేది. ఒక గంట పెరిగేది, ఒక గంట తగ్గేది. అందుకని టీవీతోపాటు స్టెబిలైజర్ కూడా కొనిపించారు మా నాన్నగారు. ఆ టీవీ అన్నేళ్లు బతికిందంటే సగం పుణ్యం ఆ ఇనప పెట్టెదే.

టీవీల విషయంలో మా నాన్నగారికి కొంచెం పట్టింపు. మా పుట్టిల్లు కుషాయిగూడ. ఈసీఐఎల్ చౌరస్తా దగ్గర మాకు కిరాణా కొట్టు ఉండేది. అణుశక్తి శాఖ కింద 1967లో మొదలైన ఆ ఈసీఐఎల్‌లోనే ‘ఈసీ టీవీ’లు తయారయ్యేవని మా కాలం వాళ్లకి తెలుసు. 1975-76లో అమెరికా వాళ్ల ఉపగ్రహం సాయంతో మన ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ చూపించారు చూడండీ, ఆ పల్లెలకు వెళ్లిన సెట్లు కూడా అక్కడివే. సరుకులకి వచ్చే ఉద్యోగస్తులు చెప్పే కబుర్లు విని విని నాన్నగారికి సగం మెకానిక్కు జ్ఞానం వచ్చేసింది. మా ఇంట్లో నలుపు తెలుపు టీవీ ఉండేది. 1987లో ఆదివారం పొద్దున రామాయణం వస్తుంటే మా వీధి సగం మా ముందు గదిలోనే. 1982 ఆగస్టులో మన దేశంలో రంగుల ప్రసారం మొదలైనా, మా ఇంటికి రంగులు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అందుకే కూతురికి మాత్రం కలర్ టీవీ ఇవ్వాలని ఆయన పంతం.

సరే, కాలం మారింది. మా పక్కింటివాళ్లబ్బాయి దుబాయి నుంచి వస్తూ పల్చటి టీవీ పట్టుకొచ్చాడు. 2013 ఆగస్టు తర్వాత అలా తెచ్చే టీవీలకి సుంకం వేశారు గానీ, అతను అంతకు ముందే తెచ్చేసుకున్నాడు. అదే ఏడాది మన నగరంలో కేబుల్‌కి సెట్ టాప్ బాక్సుల హడావుడి. దాంతో చాలామంది పాత టీవీలు తీసేశారు. మేం కూడా హాల్లోకి పల్చటిది కొన్నాం. పాతదాన్ని తీసేద్దామంటే మా అత్తయ్య ఒప్పుకోలేదు. “నా గదిలో పెట్టండి, నాకిది అలవాటు” అన్నారు. నిజమే, ముందు వైపు ఒక బటన్ నొక్కితే వస్తుంది, మళ్లీ నొక్కితే పోతుంది. ఇంతకంటే సుఖం ఏ రిమోట్‌లో ఉంది చెప్పండి? మామయ్య పోయాక ఆవిడకి ఆ గదిలో మాట్లాడే తోడు అదొక్కటే. పొద్దున భక్తి పాటలు, మధ్యాహ్నం వంటలు, రాత్రి సీరియళ్లు. దాని మీద తను అల్లిన క్రోషా గుడ్డ ఒకటి కప్పి, రాత్రి పడుకునే ముందు మంచి చీర మడతపెట్టినట్టు సర్దేవారు.

టీవీకి ఇరవై నాలుగో ఏడు నడుస్తుండగా అసలు కథ మొదలైంది. “అమ్మాయ్, బొమ్మ మసగ్గా వస్తోంది” అన్నారు అత్తయ్య. నేను వెళ్లి చూస్తే నాకు బాగానే అనిపించింది. అయినా పాతది కదా, పెద్దావిడ ఎప్పుడూ చూస్తుంది కాబట్టి తేడా ఆవిడకే తెలుస్తుందనుకున్నాను. బ్రైట్‌నెస్ రెండు గీతలు పెంచాను. నెల తిరిగేసరికి మళ్లీ అదే మాట. మావారు కాంట్రాస్ట్ పెంచారు. ఇంకో నెలకి మా అమ్మాయి కలర్ కూడా పెంచింది. దసరా నాటికి మూడూ కొసకి చేరుకున్నాయి, ఇక పెంచడానికి గీతల్లేవు.

అప్పుడు ఒక దుకాణం నుంచి కుర్రాణ్ణి పిలిపించాం. వచ్చాడు, చూశాడు, వెనక మూత కూడా తీయకుండా “పిక్చర్ ట్యూబు పోయింది ఆంటీ, కొత్త టీవీ కొనుక్కోండి” అన్నాడు. చూసినందుకు 400 రూపాయలు తీసుకున్నాడు. ఇంకొకాయన వచ్చి కండెన్సర్లు మార్చి 900 తీసుకున్నాడు. ఆయన వెళ్లిన సాయంత్రం అత్తయ్య టీవీ ముందు కూర్చుని కాసేపు చూసి, “కాస్త నయమే” అన్నారు. డబ్బు ఖర్చయిందని మా కోసం అన్నారని నాకు తర్వాత తెలిసింది.

ఈ గొడవలోనే ఒక తమాషా జరిగింది. మా అక్క కొడుకు అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ నగరంలో ఉంటాడు. అక్కడికి దగ్గర్లోనే హిలియార్డ్ అనే ఊళ్లో పాత టీవీల మ్యూజియం ఉందట. సెలవు రోజున వెళ్లి ఫొటోలు పంపాడు. “పిన్నీ, మన అమ్మమ్మ టీవీకి తాతమ్మలు చూడు” అని. చూస్తే ఏమున్నాయనుకున్నారు? గుండ్రటి తెరల కలర్ టీవీలు! పైనా కిందా చాకుతో గీటు పెట్టి కోసిన దిబ్బరొట్టెలా ఉన్నాయి. బీరువా అంత చెక్క పెట్టెలో మధ్యన ఆ దిబ్బరొట్టె.

మనం ఇలాంటివి ఎప్పుడూ చూడలేదు. ఎందుకంటే మనకు రంగులొచ్చేసరికే అవి అమెరికాలో ముచ్చట తీరి పదేళ్లు దాటింది. అక్కడ 1954లో ఆర్‌సీఏ కంపెనీ మొదటి కలర్ టీవీ అమ్మినప్పుడు దాని వెల వెయ్యి డాలర్లట. తెర 15 అంగుళాలు. తర్వాత 21 అంగుళాల గుండ్రటివి వచ్చి, 1960ల చివరి దాకా నడిచాయి. 1963 నుంచి నలుచదరం తెరలు రావడం మొదలయ్యాక మెల్లగా తెరమరుగయ్యాయి. గాజు సీసాలాంటిది లోపల గాలి లేకుండా ఉండాలి కదా, గుండ్రంగా అయితే బయటి గాలి ఒత్తిడికి బాగా తట్టుకుంటుంది, చేయడం కూడా తేలిక. అదీ ఆ ఆకారానికి కారణం. కుండ గుండ్రంగా ఎందుకుంటుందో అదీ అంతే అనుకోండి.

మొదట్లో అవి మహా పేచీకోరువట. లోపల ఇరవైకి పైగా గాజు వాల్వులు, ఏదో ఒకటి మాడిపోతూనే ఉండేది. గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి జరిపితే చాలు, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేవి కావు. మెకానిక్ వచ్చి, తెర ముందు అద్దం పెట్టుకుని, వెనక నుంచి మరలు తిప్పుతూ గంటలకొద్దీ సర్దాల్సిందేనట. ఏడాదికింతని మెకానిక్‌కి ముందే కట్టేసేవారట, మన నెలవారీ పాలవాడిలా. విచిత్రమేమిటంటే, చివరి రోజుల్లో, అంటే 1960ల నడుమ వచ్చిన గుండ్రటి సెట్లే ఎక్కువ గట్టివని వాటిని పోగుచేసేవాళ్లు అంటారట. పదేళ్లపాటు తప్పులన్నీ దిద్దుకున్నాక చేసినవి కదా మరి. అందరూ కొత్త ఆకారం కోసం ఎగబడే వేళకి పాతది పూర్తిగా కుదురుకుందన్నమాట.

ఇంకోటి కూడా రాశాడు మావాడు. “ఈ టీవీలకి శుక్లాలు వస్తాయి పిన్నీ! ఇక్కడ వాళ్లు కూడా అదే పేరుతో పిలుస్తారు” అని. పిక్చర్ ట్యూబు మీద రక్షణ కోసం ఇంకో అద్దం అతికించేవారట. ఏళ్లు గడిచేకొద్దీ మధ్యలోని జిగురు చెడి, అంచుల నుంచి తెల్లటి మచ్చలు లోపలికి పాకుతూ వస్తాయట. ట్యూబు నిక్షేపంలా ఉంటుంది, బొమ్మ మాత్రం పాల వెనక నుంచి చూసినట్టు. ఓపికున్నవాళ్లు వేడిచేసి పై అద్దం ఊడదీసి, శుభ్రం చేసి, మళ్లీ అతికిస్తారు. అప్పుడు చూస్తే టీవీ కొత్తదానిలా ఉంటుందట.

ఇదంతా భోజనాల దగ్గర చదివి వినిపించాను. అందరం నవ్వుకున్నాం. అత్తయ్య కూడా నవ్వారు, “టీవీకీ శుక్లాలేనా తల్లీ!” అని. అంత నవ్వినవాళ్లం, ఒక్కళ్లకైనా తట్టాలా? తట్టలేదు.

తర్వాత వారమే మా పాత మెకానిక్ భాయ్ దొరికాడు. కొండాపూర్‌లో అద్దాల మేడల వెనక, పాత ఊరి సందులో ఆయనకి చిన్న దుకాణం ఉండేది. అద్దె పెరిగి ఖాళీ చేశాడని విన్నాం. మసీదుబండ వైపు ఉంటున్నాడని కూరగాయల బండి ఆయన చెబితే కబురు పంపాం. వచ్చాడు. అరవై దాటిన మనిషి, చేతిలో అదే పాత తోలు సంచి. మూత తీసి, బ్రష్షుతో దుమ్ము దులిపి, మీటరు పెట్టి చూశాడు. “అమ్మా, ట్యూబు మంచిగనే ఉన్నది గదా. జర ఒక అద్దం తెచ్చి ముందల పట్టండి, ఎన్కకెల్లి చూస్త” అన్నాడు.

బీరువా దగ్గరి చేతి అద్దం తెచ్చాను. అత్తయ్య “ఇలా ఇవ్వు, తుడిచి పట్టుకుంటా” అని తీసుకుని, కొంగుతో తుడిచి, మొహం దగ్గర పెట్టి చూసుకున్నారు. మళ్లీ తుడిచారు. మళ్లీ చూశారు. “ఈ అద్దం కూడా మసకబారిపోయిందే అమ్మాయ్, కొత్తది కొనుక్కోకూడదూ” అన్నారు.

అది దసరాకి కొన్న అద్దం.

భాయ్ టీవీ వెనక నుంచి తల బయటపెట్టి ఆవిణ్ణి చూశాడు. లేచొచ్చి వార్తల ఛానల్ పెట్టి, కింద పోయే అక్షరాలు చదవమన్నాడు. మా అమ్మాయి గడగడా చదివింది. అత్తయ్య ఊరుకున్నారు. గోడ మీది క్యాలెండరు చూపించి “ఈయాల తారీఖు ఎక్కడున్నది పెద్దమ్మా?” అన్నాడు. ఆవిడ క్యాలెండరు దాకా నడిచి, వేలు పెట్టి తడుముతూ, “మీరు దీన్ని మరీ దూరంగా కట్టారు” అన్నారు. “మేడం, టీవీకి కాదు, అమ్మకు చూపించాలె. నాకు పైసలొద్దు” అని మూత బిగించేశాడు.

మీతో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. ఏడాదిగా అత్తయ్య బియ్యంలో రాళ్లు ఏరడం మానేశారు, ‘ఓపిక లేదు’ అన్నారు, సరేననుకున్నాం. మల్లెలు మాల కట్టడం మానేశారు. కాఫీ గ్లాసు నిండి సాసర్లోకి పొర్లేది. రాత్రిపూట వీధి దీపాల చుట్టూ గుండ్రాలు కనిపిస్తున్నాయంటే ‘మంచు’ అన్నాను నేను. సంక్రాంతికి బాత్రూం గట్టు కనపడక తూలి మణికట్టు బెణికించుకున్నారు. ప్రతిదానికీ ఒక్కో కారణం చెప్పుకున్నాం గానీ అన్నిటినీ కలిపి చూసిన పాపాన పోలేదు. ఆవిడ మాత్రం తన కళ్లని ఒక్కసారి కూడా అనుమానించలేదు. టీవీ పాతది, అందరూ పాతదే అంటున్నారు, కాబట్టి తప్పు దానిదే.

కంటి ఆసుపత్రిలో చూపిస్తే రెండు కళ్లలోనూ శుక్లాలు బాగా ముదిరాయన్నారు. ఇంకా ఆలస్యమైతే ఆపరేషన్ కష్టమయ్యేదన్నారు. ముందు కుడి కన్ను, కొన్ని వారాలకి ఎడమ కన్ను. మొదటిది అయ్యాక డాక్టరుగారు కాస్త చూడొచ్చన్నప్పుడు ఆవిడ నేరుగా తన గదిలోకి వెళ్లి టీవీ బటన్ నొక్కారు. బొమ్మ వచ్చింది. “అయ్యో అయ్యో, ఈ వార్తల పిల్ల మొహానికి కుంకం పూశారా? ఇంత వెలుగేమిటి, కళ్లు జివ్వుమంటున్నాయి, తగ్గించండి!” అని కేకలు. ఏడాదిన్నరగా మేం కొసదాకా పెంచి పెట్టిన రంగులవి. మా అమ్మాయి ఒక్కొక్క గీతే తగ్గిస్తుంటే ఆవిడ “ఆ... ఇంకా... ఆ, అక్కడ” అంటున్నారు. నేను వంటింట్లోకి వచ్చేశాను, నా కళ్లు చూస్తే ఆవిడ మళ్లీ ఏమంటారోనని.

భాయ్‌కి మిఠాయి పట్టుకెళ్లి ఇచ్చి, ఇంకెన్నాళ్లు నడుస్తుందని అడిగాను. ఆయన మొహమాటపడకుండా చెప్పాడు. పిక్చర్ ట్యూబు వెనక మెడలో చిన్న ఫిలమెంటు వేడెక్కితే బొమ్మకి కావలసిన ప్రవాహం వస్తుంది. పొయ్యి మీద వత్తిలాంటిది. వెలుగు ఎంత పెంచితే వత్తి అంత త్వరగా కాలుతుంది. హైవోల్టేజీ తయారుచేసే ఎల్.ఓ.టి. అనే భాగం మీద కూడా భారం పడుతుంది. “బ్రైట్‌నెస్ సగంల పెట్టి చూస్తే ఇంకొన్ని ఏండ్లు ఉంటుండె. మీరు ఏడాదిన్నర ఫుల్ పెట్టిన్రు” అన్నాడు. అంటే చూడండి, తప్పులేని టీవీని ముసలిదన్నాం, ముసలిదని నిందించి నిందించి మేమే ముసలిదాన్ని చేశాం.

చందానగర్ సోదరిగారూ, మీకు పనికొచ్చే మాటలు కొన్ని ఆయన దగ్గర విన్నవి చెబుతాను. మీ టీవీలో బొమ్మ రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతూ, వెలుగున్న చోట వెండి పూసినట్టు అలికినట్టు వస్తుంటే, అప్పుడు నిజంగానే ట్యూబు బలహీనపడిందని. దాని మీద డబ్బు పోయకండి. బొమ్మ అంతా పోయి మధ్యలో అడ్డంగా తెల్లగీత ఒక్కటే వస్తే భయపడక్కర్లేదు, అది చిన్న రిపేరే. కానీ వెంటనే కట్టేయండి, లేకపోతే ఆ గీత తెర మీద మచ్చపడిపోతుంది. ఒక మూల ఆకుపచ్చగానో ఊదాగానో రంగు అలుముకుంటే పక్కన స్పీకరో, ఇన్వర్టరో ఉందేమో చూసి జరపండి. తర్వాత రిమోట్‌తో కాదు, అసలు స్విచ్‌తోనే ఆపి, అరగంట ఆగి మళ్లీ వేయండి. వేయగానే ‘ధమ్’ అని చిన్న చప్పుడు వస్తుంది చూశారూ, అది ఆ మచ్చని చెరిపే చప్పుడేనట. ఇన్నాళ్లూ అదేదో జబ్బనుకున్నాను నేను! రెండు మూడు రోజులు ఇలా చేస్తే చాలావరకు పోతుంది.

వానాకాలంలో వెనక నుంచి చిటపటలాడినా, ఘాటైన వాసన వచ్చినా మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించకండి. ప్లగ్గు పీకేయండి. లోపల పాతిక వేల వోల్టుల దాకా ఉంటుంది, కట్టేశాక కూడా కొంతసేపు ఉంటుంది. దుమ్ము దులుపుదామని మూత మాత్రం మనం తీయకూడదు. తడిగుడ్డ పెట్టకండి, పైన పూలకుండీ పెట్టకండి. నడుస్తున్నప్పుడు వెనక చిల్లులు మూసుకుపోయేలా గుడ్డ కప్పకండి. మా అత్తయ్య క్రోషా గుడ్డ విషయంలో నేనెన్నిసార్లు పోట్లాడానో.

అన్నిటికంటే ముందు, ఇంట్లో పెద్దవాళ్లు బొమ్మ సరిగ్గా లేదంటే, అదే బొమ్మ ముందు ఓ చిన్నపిల్లని కూర్చోబెట్టి ఇద్దరినీ చదవమనండి. ఇప్పుడు ఛానళ్లన్నీ వెడల్పాటి తెరలకి తయారుచేసినవే. డబ్బా టీవీలో పైనా కిందా నల్లపట్టీలు పడి అక్షరాలు చీమల బారులా ఉంటాయి. అది కూడా మమ్మల్ని తప్పుదారి పట్టించింది.

తర్వాత ఆ టీవీ ఎనిమిది నెలలు హాయిగా నడిచింది. అత్తయ్య మధ్యాహ్నం వంటల కార్యక్రమం చూసి, కాగితం మీద తనే కొలతలు రాసుకోవడం మొదలుపెట్టారు. కొర్రల పులిహోర అలా నేర్చుకున్నదే. అక్షరాలు కాస్త పెద్దవిగా, వంకరగా ఉంటాయి, అయినా ఆవిడ చేతిరాత మళ్లీ చూస్తానని నేననుకోలేదు.

శ్రావణమాసంలో ఒక రాత్రి చిటపటమంది. లోపల నీలంగా మెరిసింది. అత్తయ్యే లేచి ప్లగ్గు పీకేశారు, మమ్మల్ని కేకేసే ముందే. భాయ్ వచ్చి చూసి ఎల్.ఓ.టి. పగిలిందన్నాడు. ఆ నంబరు భాగం కోసం కోఠీలో గుజరాతీ గల్లీ అంతా మూడు వారాలు తిరిగాడు. ఒకప్పుడు అక్కడ దొరకని టీవీ సామాను లేదు. ఈసారి ఒకటి దొరికింది, కానీ పాత సెట్టులోంచి ఊడదీసింది. “పెడితే నడుస్తది. గ్యారంటీ ఇయ్యలేను. పెద్దమ్మ ఒక్కతే ఉండే రూముల నేనైతే పెట్టను” అన్నాడు. వెయ్యి రూపాయలు సంపాదించుకునే అవకాశాన్ని తనే వదులుకున్నాడు. మావారు ఇంకేం మాట్లాడలేదు.

పాత సామాన్ల బండివాడు 150 ఇస్తానన్నాడు. మేం ఇవ్వలేదు. వాళ్లు రాగి తీగ కోసం వెనక మెడ విరగ్గొట్టి, గాజుని ఏ నాలా పక్కనో పారేస్తారు. ఆ గాజులో సీసం ఉంటుంది, పెద్ద టీవీలో కిలో దాకా, ఆ పైన కూడా. నీళ్లలోకి దిగితే మన పిల్లలు తాగేది అదే. పాత టీవీలను సరిగ్గా సేకరించి విడగొట్టే బాధ్యత తయారీదార్లదేనని 2012 నుంచీ ఈ-వేస్ట్ నియమాలున్నాయి. అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లని వెతికి ఫోన్ చేస్తే ఇద్దరు మనుషులు వ్యాన్‌తో వచ్చారు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కాగితం చూపించమని అడిగి, చూసి, అప్పుడే ఇచ్చాం. మీరూ అడగండి, మొహమాటపడకండి.

ఆ ఇద్దరూ దాన్ని ఆయాసపడుతూ ఎత్తారు. అత్తయ్య గుమ్మం దాకా వెంట వెళ్లారు. వాళ్లు పైనున్న క్రోషా గుడ్డతో సహా వ్యాన్ ఎక్కిస్తుంటే, “బాబూ, అది నాది” అని తీసేసుకున్నారు. లోపలికొచ్చి దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి చూసి, “ఇక్కడ రెండు ముళ్లు తప్పు అల్లాను అమ్మాయ్, ఇన్నేళ్లూ ఎవ్వరూ చెప్పలేదే” అన్నారు.

ఇప్పుడావిడ గదిలో 32 అంగుళాల పల్చటి టీవీ ఉంది. రిమోట్ మీద యాభై బటన్లు. మా అమ్మాయి ఆన్ బటన్ మీద ఎర్ర స్టిక్కర్ బొట్టు, సౌండు మీద ఆకుపచ్చ బొట్టు, ఛానల్ మార్చే దాని మీద పసుపు బొట్టు అంటించింది. మిగతావాటి మీద ప్లాస్టర్ చుట్టేశాం. వారం రోజుల్లో నేర్చుకున్నారు. ‘బొమ్మ కొంచెం సాగదీసినట్టుంది, అందరూ లావుగా ఉన్నారు’ అని ఫిర్యాదు చేస్తే ఈసారి మేం వెంటనే నమ్మి, లేచి వెళ్లి చూశాం. నిజంగానే సెట్టింగు తప్పుంది.

అన్నట్టు, ఆ కొర్రల పులిహోర కొలతలు అడిగి తీసుకున్నాను. వచ్చే వారం అత్తయ్య చేతిరాతలోని ఆ కాగితం చూసే రాస్తాను, ఇంగువ మాత్రం నా లెక్క ప్రకారం కాస్త తగ్గిస్తాను.